మద్దిలేటి చేతిలో నా బండి

1

కనుమ దాటేవాళ్లు చిట్టా రాసి తీరాలని మా మంచుగడ్డ ఊరి నియమం. తిరిగి రాకపోతే ఎక్కడ ఏం జరిగిందో వెనకవాళ్లకు తెలియాలట. సరే, రాస్తాను. పెన్నూ కాగితాలూ వాళ్లే ఇచ్చారు. నేను తిరిగి రాకపోతే మాత్రం మీరు ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు. మద్దిలేటిని పట్టుకుని అడగండి.

ఈ ఉదయం కొండకొమ్మున అద్దం మెరిసింది. సూర్యుడు భగ్గుమన్న ఆ ఎండేడులో ఆకాశంలో తిరిగే యంత్రాలన్నీ రాలిపోయి, బుర్ర ఉన్న ప్రతి యంత్రమూ మాడిపోయాక మాకు మిగిలిన టెలిఫోను ఆ అద్దమొక్కటే. మెరుపులు చదివినవాడు మూడు ముక్కల్లో చెప్పాడు. గాలిమిట్టలో ఈరమ్మకు నెలలు నిండాయి. ఒంట్లో రక్తం లేదు. అక్కను పంపండి.

ఈరమ్మ నా చెల్లెలు. అమ్మ పోయాక ఎత్తుకుని పెంచింది నేనే కాబట్టి బిడ్డ అన్నా తప్పులేదు. మా ఇద్దరిదీ పాడు రక్తం, ఈ రెండూళ్లలో ఇంకెవరిదీ దానితో కలవదు. సంచిలో పట్టి పంపుదామంటే దారిలోనే గడ్డకడుతుంది. అంచేత గడ్డకట్టకుండా ఆ రక్తాన్ని మోసుకుపోయే సంచీని నేనే. నేను చేరకపోతే కాన్పులో అది బతకదని డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పేసింది.

గొంతు కనుమలోకి ఒంటిగా ఎవరినీ వదలరు. జంట ఉండాలి. "ఓబులమ్మతో ఎవరు పోతారు?" అని రచ్చలో అడిగితే ఒకడికి మోకాలి నొప్పి, ఒకడికి ఇంట్లో పని. అప్పుడు వెనకనుంచి ఒక చెయ్యి లేచింది. మద్దిలేటిది.

మద్దిలేటి ఈరమ్మకు మొగుడు. అంటే ఒకప్పటి మొగుడు. పిల్లలు పుట్టక, మాటామాటా పెరిగి, ఆఖరికి అది కనుమ దాటిపోయి గాలిమిట్టలో కంబగిరిని కట్టుకుంది. ఇప్పుడు దాని కడుపులో ఉన్నది కంబగిరి బిడ్డ. దాన్ని బతికించే పనికి ఇతగాడు చెయ్యెత్తాడు! ఊరంతా "ఎంత మంచోడమ్మా" అని మురిసిపోయింది. నేను మాత్రం మురవలేదు. మంచివాళ్లను నేనూ చూశాను. ఇంత మంచితనం నేను నమ్మను.

2

ఈ రోజు బండ్లు మార్చుకున్నాం.

కనుమకు పోయే మనిషి తన బండిని తాను ముట్టుకోకూడదు. జంటలో రెండోవాళ్ల బండిని సిద్ధం చేయాలి. పూర్వం ఎవరి బండిని వాళ్లు ముద్దుగా చూసుకుని, పక్కవాడి బండి దారిలో చస్తే వాణ్ణి మంచులో వదిలేసి వచ్చేవాళ్లట. అందుకని పెద్దలు ఈ మెలిక పెట్టారు. ఇంకో మెలిక కూడా ఉంది. కనుమ మొదట్లో కాపలా ఉండే దస్తగిరి తాత ముందు నిలబడి, తాను సిద్ధం చేసిన బండి మీద చెయ్యేసి, "ఈ బండి మీద నా బిడ్డనైనా ఎక్కిస్తాను" అని చెప్పాలి. ఇద్దరూ చెబితేనే గేటు లేస్తుంది. ఒకరు నోరు మెదపకపోయినా, ఇంకొకరు "నాకు నమ్మకం లేదు" అన్నా, రెండు బండ్లూ ఇంటిముఖం పట్టాల్సిందే.

బిడ్డ ఉన్నవాళ్లకు ఆ మాట బరువు. బిడ్డే లేని మద్దిలేటికి ఆ మాటంటే పోయేదేముంది? వంద బండ్ల మీద ఎక్కిస్తాడు.

నాది నాన్న కాలం బండి. బుర్ర లేని బండి గనకే ఎండేడులో బతికిపోయింది. దుంపసారా పోస్తే చాలు, తాగుబోతులా వాసన కొడుతూ ఎక్కడికైనా ఎక్కుతుంది. దాన్ని అతని కొట్టం ముందు నిలబెట్టి తాళం చేతికిస్తుంటే నా చెయ్యి వదల్లేదు.

"వదులు ఓబులమ్మా," అన్నాడు. "బండినేం తిననులే."

ఒకప్పుడు వదినా అని పిలిచేవాడు. ఈరమ్మ వెళ్లిపోయిన రోజునుంచి పేరు పెట్టి పిలుస్తున్నాడు. అదీ నా లెక్కలో ఉంది.

3

గుండ్ల మైదానంలో సాధన. పగలంతా సిద్ధం చేసినవాళ్ల దగ్గర ఉండే బండి సాధన వేళకు మన చేతికొస్తుంది, అయిపోగానే మళ్లీ వాళ్ల కొట్టానికి పోతుంది.

కనుమలో దారి అనేది ఉండదు, రాళ్లుంటాయి. అక్కడ సీటు మీద కూర్చున్నవాడు నడుము విరగ్గొట్టుకుంటాడు. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, మోకాళ్లు వదులుగా ఉంచి, బండిని దాని మానాన ఆడనివ్వాలి. చూపు దగ్గరున్న రాయి మీద కాదు, దాటి వెళ్లాల్సిన చోటు మీద ఉండాలి. అవన్నీ నాకు తెలుసు. తెలిసినా ఒళ్లు మరిచిపోయింది. మొదటి వాగులోనే దభేల్‌మని పడ్డాను.

మద్దిలేటి ఒడ్డున నిలబడి చూస్తున్నాడు గానీ చెయ్యందించలేదు.

"చూస్తావేం, లేపు!" అని అరిచాను.

"కనుమలో నేను యాడో ఎనకుంటే ఎవరు లేపుతారు? నువ్వే లేపు. హ్యాండిల్ పట్టుకుని గుంజద్దు. బండికి వీపానించి కాళ్లతో లెయ్యి."

లేపాను. నడుం కలుక్కుమంది. ఆ బాధలో నేనుండగా దగ్గరికొచ్చి అడిగాడు.

"నువ్వెంత తూగుతావు ఓబులమ్మా?"

"ఏంటికి?"

"ఊరికే."

ఊరికే! నలభై దాటిన ఆడదాన్ని పట్టుకుని ఎంత తూగుతావని ఊరికే ఎవడైనా అడుగుతాడా? శవాన్ని మోసేవాళ్లు అడుగుతారు.

4

ఈ రోజు సాధనకు బండెక్కగానే సీటు రాయిలా తగిలింది. వేళ్లతో నొక్కి చూశాను. లోపలి స్పాంజి సగం లేదు. వెనక సామాను కట్టుకునే క్యారియర్ చువ్వలు లేవు. నా డబ్బాలో దాచుకున్న పాత ఫుట్‌రెస్టుల జత లేదు. ఆఖరికి సైడ్ స్టాండు కూడా చిన్నదైపోయింది.

"నా సామానంతా ఏమైపోయిందయ్యా?"

"బరువు. పైన గాలి పల్చన. ఇంజనుకు దమ్ము చాలదు. అనవసరమైందంతా తీసేసినా."

"సీటు కూడా అనవసరమేనా?"

"కనుమలో కూచునేదెవరు? నిలబడేదే గదా."

చూశారా, ప్రతిదానికీ జవాబు సిద్ధంగా ఉంది. నిజం చెప్పేవాడు ఒక్కోసారి తడుముకుంటాడు. ఇతను తడుముకోడు.

అతని బండి మీద నేను చేసే పని మాత్రం ఎవరొచ్చి చూసినా సరే. గొలుసు విప్పి సారాలో కడిగాను. చక్రాల చువ్వలు ఒక్కొక్కటీ మీటి బిగించాను. టైర్లలో గాలి తగ్గించాను, రాళ్లను కరిచి పట్టుకునేలా. కార్బొరేటర్‌లో పై ఎత్తుకు పనికొచ్చే చిన్న జెట్టు వేశాను. ఇంత శ్రద్ధగా నా బండికైనా చేసుకోలేదు. అది చూసి అతను అన్నది ఒకే మాట.

"ఆ ఎనక రెండు బోల్టులుండాయి సూడు, వాటికేమీ బిగించద్దు. ఖాళీగా ఇడ్సు."

"ఏంటికి?"

"నా సంచి కట్టుకోవల్ల."

సామాను ఎవరిది వాళ్లే సర్దుకోవచ్చు, అది నియమంలోకి రాదు. కానీ నా బండికి బరువని క్యారియర్ పీకేసిన మనిషి తన బండికి మాత్రం సంచి కడతాడట.

5

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. గుండె, ఊపిరి చూసింది. బార్లీ సంగటి రెండు ముద్దలు ఎక్కువ తినమంది. వచ్చేస్తుంటే వెనకనుంచి మామూలుగా అంది: "మద్దిలేటి కూడా వచ్చిపోయాడులే. నీ ఒంట్లోంచి ఎంత రక్తం తీస్తారు, తీశాక నీకు ఎంత సత్తువ మిగులుతుంది, అదే అడిగాడు."

గిర్రున వెనక్కి తిరిగాను. "ఏం చెప్పారు?"

"ఉన్నదే చెప్పాను. ఈ ఎత్తులో అంత రక్తం ఇస్తే నిలబడటమే కష్టం. బండి నడపటం కల్ల."

ఇంకేం కావాలి? నా బరువు అడిగాడు. నా సత్తువ అడిగాడు. నా బండిని గుల్ల చేశాడు. తన సంచిలో ఏముందో చెప్పడు. ఈరమ్మ తనను వదిలి వెళ్లిన రోజు ఇతను ఏడవలేదు, తిట్టలేదు, చెప్పులేసుకుని పనికి పోయాడు. అప్పుడే అనుకున్నాను, ఇది లోపల పెట్టుకున్నాడని. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. దేవుడు చెప్పేదాకా కూర్చుంటే నా చెల్లెలు పోతుంది.

అతను నన్ను ఏమీ చేయక్కర్లేదు. మధ్య కనుమలో యాక్సిలేటర్ పిండి ముందుకు పోయి, నన్ను రాళ్లలో ఒంటిగా వదిలేస్తే చాలు. పడితే లేపే దిక్కుండదు. ఎవరూ అతన్ని తప్పుపట్టరు కూడా.

6

మధ్యాహ్నం అతని కొట్టం వైపు వెళ్లాను. వాకిలికి దుప్పటి వేలాడదీసి ఉంది. లోపల వెల్డింగు వెలుగు. దుప్పటి పక్కకు లాగబోయాను.

"రావద్దు! కండ్లు పోతాయి," అని లోపలినుంచి గదిమాడు.

"నా బండికి వెల్డింగు పనేముంది?"

"నీ బండికి గాదు."

"మరి దేనికి?"

లోపల వెలుగు మళ్లీ చిటపటలాడింది.

ఇంటికొచ్చి చాలాసేపు అతని బండి ముందు కూర్చున్నాను. తరువాత ఈ చిట్టా రాసే పెన్ను వెనక భాగం వేలెడంత కోశాను. కార్బొరేటర్ మూత విప్పి, యాక్సిలేటర్ తీగ మీద ఆ గొట్టం ముక్క తొడిగి మూత బిగించాను. ఇక అతను ఎంత పిండినా గ్యాసు సగం వరకే లేస్తుంది. నన్ను దాటి పోలేడు, అంతే. చంపడానికి కాదు. నా వెనకే ఉంచుకోవడానికి.

ఊరి వాలు మీద ఎక్కించి చూశాను. మూలుగుతూ ఎక్కింది. ఎక్కింది కదా అనుకున్నాను. చేతులు కడుక్కున్నా సారా వాసన పోలేదు.

7

పైగుడిసెలో మకాం. కనుమకు ముందు ఊపిరి అలవాటు పడాలని కాస్త ఎత్తులో ఉండి వెళ్లడం ఆనవాయితీ. తల పోటు. నాలుగడుగులు వేస్తే రొప్పు. నీళ్లు తాగి తాగి కడుపు చెరువైంది.

నా బండి అద్భుతంగా నడుస్తోంది. ఇంత తేలిగ్గా, ఇంత మాట వినేలా ఎప్పుడూ నడవలేదు. క్లచ్ లివర్ నా వేళ్ల పొడుగుకు సరిగ్గా వంచి పెట్టాడు. చేతి పిడులకు గొర్రెతోలు చుట్టాడు. నేను కాస్త దూరం వేగంగా దూసుకుపోయి తిరిగొస్తే గుడిసె ముందు కూర్చుని నావైపు చూశాడు.

"ఎట్లుంది?"

"బాగుంది," అన్నాను. నాకు ఇంకా భయమేసింది. పగవాడు పాయసం పెడితే రుచి చూసి సంతోషిస్తామా?

అతను తన బండెక్కి చిన్న మిట్ట ఒకటి ఎక్కి దిగాడు. దిగి బండిని కాసేపు చూశాడు. నావైపు చూశాడు. నేను పొయ్యి ఊదుకుంటూ తల ఎత్తలేదు.

8

కనుమ మొదలు. గేటు పక్కన గుడిసెలో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్నే చేరాం. దస్తగిరి తాత గొంగడి కప్పుకుని బయటికొచ్చాడు. గాలిమిట్టనుంచి తెల్లవారగానే అద్దం మెరిసిందట. నొప్పులు మొదలయ్యాయి.

"బిర్రున కానీండి," అన్నాడు తాత. "పైన మబ్బు దిగుతాంది. మద్దిలేటీ, నీ మాట చెప్పు."

మద్దిలేటి నా బండి ట్యాంకు మీద చెయ్యేశాడు. నేను అతని కళ్లనే చూస్తున్నాను, ఎక్కడ తొణుకుతాడా అని.

"ఈ బండి మీద నా బిడ్డనైనా ఎక్కిస్తాను."

తొణకలేదు. బిడ్డ అనే మాట దగ్గర మాత్రం గొంతు కాస్త తగ్గింది.

"ఓబులమ్మా, నువ్వు చెప్పు."

అతని బండి మీద చెయ్యి పెట్టాను. "ఈ బండి..." అన్నాను. నా బిడ్డంటే ఈరమ్మే. దాన్ని ఈ బండి మీద ఎక్కిస్తానా? చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ముందు ఆ సంచిలో ఏముందో చూపించమనండి తాతా!" అని అరిచాను. "అది చూస్తేగానీ నేను నోరు విప్పను!"

మద్దిలేటి నిట్టూర్చి సంచి ముడి విప్పాడు.

నా క్యారియర్ చువ్వలు. వాటిని వంచి, అతికి, ఒక చట్రం చేశాడు. దాని మీద నా సీటు స్పాంజి, పైన గొర్రెతోలు. రెండు పక్కలా నా పాత ఫుట్‌రెస్టులు. వెనక వీపు ఆనడానికి నా సైడ్ స్టాండు ముక్క. నడుముకు బెల్టు. అతని బండి వెనక ఖాళీగా ఉన్న ఆ రెండు బోల్టులకు బిగించే సీటు అది. కొలిచి చేసిన సీటు. నా కొలతకు.

"ఏంటిదంతా?" అన్నాను, తెలుస్తూనే ఉన్నా.

"రక్తమిచ్చినాంక నువ్వు బండి నడపలేవంట. మంచు పడితే కనుమ మూతపడతాది. మళ్లా ఎండలు ముదిరేదాకా మనిద్దరం ఆడనే. ఆ కంబగిరిగాని ఇంట్లో, వాడు పెట్టే సంగటి తింటా నేను కూచోవల్లనా? నా వల్ల కాదు తల్లీ. నిన్ను మూటగట్టుకోనైనా తిరుక్కోనొస్తా. నీ బండి ఆడనే ఉంటాది, మల్ల తెచ్చుకోవచ్చు."

"ముందే చెప్పొచ్చు కదా!"

"చెప్తే? నువ్వెవరివిరా నన్ను ఎనకేసుకొని పొయ్యేకి, నేను మూటనా అని ఎగిరిపడవా?"

ఎగిరిపడేదాన్నే. కచ్చితంగా ఎగిరిపడేదాన్ని.

తాత గొంగడి సర్దుకున్నాడు. "చూసినావు గదా. ఇంక చెప్పు ఓబులమ్మా."

చెప్పేస్తే గేటు లేస్తుంది. ఆరు మాటలు. చెల్లెలు అక్కడ నొప్పులు పడుతోంది. పోయేటప్పుడు అతను నా వెనకే మెల్లగా ఎక్కుతాడు, అక్కడికి చేరాక ఎవరూ చూడకుండా ఆ గొట్టం తీసేయొచ్చు. ఇదంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది. కానీ ఈ కనుమలో ఆఖరి మలుపు గోడలాంటిది. సగం గ్యాసుతో అక్కడ బండి వెనక్కి జారుతుంది. నాకు ఆ సంగతి ముందునుంచీ తెలుసు. తెలియనట్టు నటించాను, అంతే. నా మీద నాకే అసహ్యం వేసింది.

"తాతా, స్క్రూడ్రైవర్ ఇయ్యండి," అన్నాను.

కార్బొరేటర్ మూత విప్పాను. గొట్టం ముక్క తీసి అందరికీ కనిపించేలా అరచేతిలో పెట్టుకున్నాను. దస్తగిరి తాత దాన్ని చూసి గడ్డం నిమురుకున్నాడు. తిడితే బాగుండేది.

"నేనే పెట్టాను మద్దిలేటీ. నన్ను వదిలేసి పోతావని."

"తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"పైగుడిసె కాడ మిట్ట ఎక్కిస్తేనే తెలిసింది. బండి ఏడుస్తాంది. నా బండి నేను ముట్టుకోకూడదు గదా, ఊరుకుంటి."

"మరి ఇంతదూరం ఎందుకొచ్చావు?"

అతను నా అరచేతిలోని ముక్కను తీసి, వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"నువ్వు ఆ మాట అంటావా, అనవా అని. ఇది లోపల పెట్టుకోని నా బిడ్డనైనా ఎక్కిస్తా అనింటే, నమ్మకం ల్యా అని తాళం తాత చేతిలో పెట్టి ఇంటికి పోతాంటి. అబద్ధమాడే మనిషితో ఆ మలుపు ఎక్కలేను."

ఆ ఆరు మాటలు నా నోట్లోంచి వచ్చుంటే గేటు లేచేది కాదు. ఈరమ్మ అక్కడ నా కోసం చూస్తూ చూస్తూ పోయేది. దాన్ని చంపేది మద్దిలేటి కాదు, నేను. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను, ఏడ్చాను.

"ఏడుపు ఆడికి పోయినాంక," అన్నాడు మద్దిలేటి. "లెయ్ వదినా. వీపానించి, కాళ్లతో లెయ్యి."

లేచాను. మూత బిగించి, గ్యాసు పూర్తిగా తిప్పి చూశాను. బండి గొంతెత్తి అరిచింది. దాని మీద చెయ్యేసి, నా చెల్లెల్ని కళ్ల ముందు తెచ్చుకుని, ఆ మాట చెప్పాను. తాత గేటు లేపుతున్నాడు. పోతున్నాం.

9

గాలిమిట్ట. ఎడమ చేత్తో రాస్తున్నాను, రక్తం తీసిన కుడి చేతికి కట్టు ఉంది. అక్షరాలు వంకర పోతే క్షమించండి.

ఆఖరి మలుపులో నేను పడ్డాను. మద్దిలేటి ముందే ఎక్కేశాడు. పైకి చూస్తే, బండి ఆపి నడుచుకుంటూ కిందికి వస్తున్నాడు. ఇద్దరం కలిసి నా బండిని ఎక్కించాం. ఇంతకంటే రాయడానికి ఊపిరి లేదు.

ఈరమ్మ బతికింది. నా రక్తం సగం దాని ఒంట్లోకి పోయిందేమో, మొహం తెల్లబడి నేనే బాలింతలా ఉన్నాను. ఆడపిల్ల. పుట్టగానే ఊరంతా వినేలా ఏడ్చింది, పెద్దమ్మ గొంతే.

మద్దిలేటి లోపలికి రాలేదు. కంబగిరి స్వయంగా సంగటి గిన్నె తీసుకెళ్లాడు. ముట్టలేదు, తెచ్చుకున్న అటుకులు నమిలాడు. నేను గోడ పట్టుకుని బయటికి వెళితే బండి పక్కన కూర్చుని ఉన్నాడు. చెల్లెలి గురించి అడుగుతాడనుకున్నాను.

"బిడ్డ ఏడ్చిండాదా?" అన్నాడు.

"ఏడ్చింది. నువ్వు వినలేదూ?"

"విన్యా. నువ్వు చెప్తే వినాలని." తల తిప్పుకుని అటుకుల సంచి మూతి ముడేశాడు. చాలాసేపు ముడేస్తూనే ఉన్నాడు.

రేపు తిరుగు ప్రయాణం. ఇక్కడి గేటు దగ్గర మళ్లీ ఆ మాట చెప్పాలి. ఉన్నది అతని బండి ఒక్కటే, కాబట్టి సిద్ధం చేయాల్సింది నేనే, చెప్పాల్సింది నేనే. ఒంటి చేత్తో గొలుసుకు నూనె రాశాను. వెనక సీటు బోల్టులు బిగించాను. అతను పక్కనే కూర్చుని నా చేతినే చూస్తున్నాడు. కార్బొరేటర్ వైపు పోతే మెడ సాచి మరీ చూస్తున్నాడు.

"నమ్మకం లేదా?" అన్నాను.

"ఉండాది వదినా. శానా ఉండాది."

అని, నా చెవి మీద ఉన్న చిట్టా పెన్ను తీసి తన జేబులో పెట్టుకున్నాడు. కనుమ దాటినాంక ఇస్తాడట.

ఇది బొగ్గుముక్కతో రాశాను.